జీవితం ఎలా ఉండాలో తెలుసు, ఏటా లక్ష్యాలు రాసుకుంటాను, మార్చికల్లా అన్నీ ఆగిపోతాయి: లోపం ఎక్కడ?

మీరు రాసిన దాని సారాంశం ఇది. వయసు 36, అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం. పదేళ్లలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఇలస్ట్రేటర్‌గా స్థిరపడి, సొంత వేళల్లో పనిచేసుకుంటూ బతకాలని కోరిక. ఆ జీవితం గురించి పేజీలకు పేజీలు రాసుకున్నారు, గోడకు ఫొటోలు కూడా అంటించుకున్నారు. ప్రతి జనవరిలో లక్ష్యాల జాబితా తయారవుతుంది. ఈ ఏడాది జాబితాలో ఉన్నవి: రోజూ బొమ్మ వేయాలి, ఎనిమిది కిలోలు తగ్గాలి, పొదుపు పెంచాలి, ఒక కొత్త భాష నేర్చుకోవాలి, నెలకు రెండు పుస్తకాలు చదవాలి, ఫోన్ తగ్గించాలి, పొద్దున్నే ఐదింటికి లేవాలి. మార్చి వచ్చేసరికి ఒక్కటీ మిగలలేదు. ఇంతవరకూ వేసిన బొమ్మలు ఎవరికీ చూపించలేదని కూడా మధ్యలో ఒక మాట అన్నారు. చివర్లో, "నాలో పట్టుదల లేదా, లేక లక్ష్యాలు పెట్టుకోవడమే రాదా?" అని అడిగారు.

రెండోదే. ఉద్యోగం చేసుకుంటూ ఇన్నేళ్లు ఒకే కోరికను వదలకుండా పట్టుకున్న మనిషికి పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను. మధ్య వయసులో వృత్తి మారాలనుకునేవాళ్లతో కూర్చుని ఇలాంటి జాబితాలు విప్పి చూడటం చాలా ఏళ్లుగా నా పని. మీ జాబితాలో ముందుగా నాకు కనిపించింది ఏమిటంటే, ఏడింటిలో మీ కోరిక వైపు కదిలేది ఒక్కటే: "రోజూ బొమ్మ వేయాలి". అది కూడా మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్లదు. ఏడాదంతా రోజూ బొమ్మ వేస్తే చెయ్యి తిరుగుతుంది, నిజమే. కానీ పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయడం వేరే పని, దాని సంగతి కింద వివరంగా చెప్తాను. మీకు కావాల్సిన జీవితం ఒక వైపు ఉంది, మీరు రాసుకున్న లక్ష్యాలు ఇంకో వైపు ఉన్నాయి.

నేను చెప్పేదంతా ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది, కాబట్టి అది ముందే చెప్పేస్తాను. లక్ష్యం అన్నది మీ మామూలు వారంలో ఫలానా రోజు ఫలానా గంటగా కనిపించాలి. ఆ గంటలో ఇప్పుడు జరుగుతున్న పని ఏదో ఒకటి పక్కకు తప్పుకోవాలి. ఈ రెండూ జరగనంతవరకు ఎంత అందంగా రాసుకున్నా అది కోరిక దగ్గరే ఆగిపోతుంది.

గోడ మీది ఫొటోల దగ్గర మొదలుపెడదాం. కోరుకున్న జీవితాన్ని రోజూ కళ్లముందు ఊహించుకుంటే అది నిజమవుతుందని చాలామంది చెప్తుంటారు. గాబ్రియెల్ ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని దశాబ్దాలుగా పరీక్షిస్తున్నారు, ఫలితాలు దాదాపు అందుకు వ్యతిరేకంగా వచ్చాయి. 2002లో ఆమె, డోరిస్ మేయర్ కలిసి ప్రచురించిన పరిశోధనలో, చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న పట్టభద్రుల్ని రెండేళ్లపాటు గమనించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచూ తీయగా ఊహించుకున్నవాళ్లు తక్కువ దరఖాస్తులు పంపారు, వాళ్లకు తక్కువ ఆఫర్లు వచ్చాయి, జీతాలు కూడా తక్కువే. తమ అనుభవాన్ని బట్టి "నాకు వస్తుంది" అని నమ్మినవాళ్ల విషయంలో మాత్రం ఫలితం మెరుగ్గా ఉంది. అంటే నమ్మకం వేరు, ఊహల్లో తేలడం వేరు. చేరినట్టు ఊహించుకున్నప్పుడు ఒంటికి కూడా ఒక విశ్రాంతి దొరుకుతుంది, పనికి కావాల్సిన చురుకు సన్నగిల్లుతుంది.

అలాగని మీ ఊహను చెరిపేయమని కాదు. ఓటింగెన్ సూచించే పద్ధతి నేను చాలామందితో చేయించాను. కావలసినదాన్ని రెండు మూడు నిమిషాలు మనసారా ఊహించుకోవాలి, వెంటనే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: దీనికి నాలోనే అడ్డం పడుతున్నది ఏమిటి? బాస్, ఇల్లు, టైమ్ లేకపోవడం కాదు. నాలో ఏముంది? మీరు దాటేసిన ఆ చిన్న మాట నాకు ఇక్కడే గుర్తొస్తోంది, బొమ్మలు ఎవరికీ చూపించలేదన్న మాట. నా అంచనా తప్పైతే చెప్పండి, కానీ మీకు అడ్డం ఐదింటికి లేవలేకపోవడం కాదు. చూపిస్తే బాగాలేదంటారేమో అన్న టెన్షన్. అది అలాగే ఉంటే రోజుకు నాలుగు గంటలు దొరికినా ఆ గంటలు నోట్‌బుక్ దాటి బయటికి రావు.

ఊహను నేలమీదికి తేవడానికి ఇంకో పని చేయండి. పదేళ్ల తర్వాతి విజయాన్ని పక్కన పెట్టి, పదేళ్ల తర్వాతి ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో గంటగంటకూ రాయండి. పొద్దున ఎవరి ఈమెయిల్‌కు జవాబివ్వాలి? పిల్లి తోక ఉన్నచోట అక్షరాలు రావాలి, తోక ఎడమకు జరపండి అని ఆర్ట్ డైరెక్టర్ మూడోసారి తిప్పి పంపిన పేజీని మళ్లీ వేస్తున్నారా? రావాల్సిన డబ్బు గురించి గుర్తుచేస్తున్నారా? ఎన్ని గంటలు ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్కరే కూర్చున్నారు? ఆ మంగళవారం మీకు నచ్చిందా?

ఈ అభ్యాసంతో కొందరి కోరిక అక్కడే మారిపోతుంది, అది మంచిదే. సంగీత పాఠశాల పెట్టాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్న ఒకాయన నా దగ్గరకు వచ్చారు. మంగళవారం రాసుకుంటే అందులో ఉన్నవి ఫీజుల వసూలు, టైమ్ టేబుల్, తల్లిదండ్రుల ఫోన్లు. వాయిద్యం చేతిలోకి తీసుకున్నది నలభై నిమిషాలే. ఆయనకు కావాల్సింది పాఠశాల కాదు, వాయించడం. ఉద్యోగం చేస్తూనే ఒక బృందంలో చేరి వారానికి మూడు రోజులు సాధన చేసేలా లక్ష్యం మార్చుకున్నారు. పాఠశాల కోసం డబ్బు దాచే భారం, దాని గురించిన దిగులు రెండూ ఒకేసారి తేలికయ్యాయి. మీ మంగళవారం రాసి చూశాక కూడా, తోక మూడోసారి జరిపే పనితో సహా ఆ రోజు కావాలనిపిస్తే, ఇక ఆ కోరికను అనుమానించకండి.

ఇప్పుడు జాబితా. ప్రతి అంశం పక్కన "ఇది ఎవరికీ తెలియకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా చేస్తానా?" అని రాయండి. కెన్నన్ షెల్డన్, ఆండ్రూ ఎలియట్ 1999లో ప్రచురించిన పరిశోధన దీని గురించే. సొంత ఆసక్తి నుంచి, తాము నిజంగా విలువిచ్చే వాటి నుంచి పుట్టిన లక్ష్యాల మీద మనుషులు ఎక్కువకాలం శ్రమ పెడతారు, చేరాక వచ్చే తృప్తి కూడా ఎక్కువ. సిగ్గుతోనో, ఎవరో మెచ్చుకోవాలనో పెట్టుకున్నవి మొదటి వారాల ఊపు తగ్గగానే జారిపోతాయి. మీ జాబితాలో కొత్త భాష, నెలకు రెండు పుస్తకాలు, ఐదింటికి లేవడం ఈ కోవలోవని నాకు అనిపిస్తోంది. ఎక్కడో చూసి "మంచివాళ్లు ఇలా చేస్తారు" అని చేర్చినవి. ఈ ఏడాదికి వాటిని కొట్టేయండి. "తర్వాత చూద్దాం" అని పక్కన రాసుకోవద్దు, పూర్తిగా కొట్టేయండి. సగం వదిలిన లక్ష్యం కూడా మనసులో చోటు తింటుంది, చేయట్లేదని రోజూ గుర్తుచేస్తుంది.

ఆరోగ్యం, డబ్బు మాత్రం కొట్టేసేవి కావు. కానీ వాటిని పెంచే లక్ష్యాలుగా కాకుండా నిలబెట్టే లక్ష్యాలుగా పెట్టుకోండి. బరువు గురించి డాక్టర్ ప్రత్యేకంగా చెప్పి ఉంటే అది వేరే విషయం, అప్పుడు అదే మొదటి లక్ష్యం అవుతుంది. అలాంటిదేమీ లేకపోతే వారానికి నాలుగు రోజులు అరగంట నడక, ఇప్పుడున్న పొదుపు తగ్గకుండా చూసుకోవడం, అంతే. పెరగాల్సింది ఒక్కటే ఉండాలి. దీన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం చాలామందికి కష్టం. ఒకటి ఎంచుకోవడమంటే మిగతా వాటిలో ఈ ఏడాది మామూలుగా ఉండటానికి సిద్ధపడటం.

లక్ష్యాలు కాగితం మీద రాస్తేనే సగం పని అయిపోయినట్టు అనే మాట కూడా మీరు విని ఉంటారు. 1953లో యేల్ యూనివర్సిటీ విద్యార్థుల్లో లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మంది మొత్తం కంటే ఎక్కువ సంపాదించారని ఉపన్యాసాల్లో చెప్తుంటారు. అలాంటి అధ్యయనం జరిగినట్టు ఎక్కడా ఆధారం లేదు, యేల్ వాళ్లు కూడా వెతికి దొరకలేదని చెప్పారు. రాసుకోండి, రాయడం మంచిదే. ఏం రాశామన్నది ముఖ్యం.

ఏం రాయాలన్న దాని గురించి గట్టి ఆధారాలున్న పని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్‌లది. 1960ల నుంచి వాళ్లు చూపించింది ఏమిటంటే, "శక్తివంచన లేకుండా చేయండి" అన్నదాని కంటే కచ్చితమైన, కాస్త కష్టమైన లక్ష్యం మెరుగైన ఫలితాన్నిస్తుంది. 1975లో వచ్చిన ఒక అధ్యయనం నాకు ఇష్టం. అమెరికాలో అడవి నుంచి దుంగలు మోసే లారీలకు చట్టం ఒక గరిష్ఠ బరువును అనుమతిస్తుంది. డ్రైవర్లు అందులో 60 శాతం దగ్గరే నింపుకుని వెళ్లేవారు, బాగా నింపండి అని చెప్పినా మార్పు రాలేదు. 94 శాతం అని ఒక అంకె ఇచ్చారు. జీతం పెంచలేదు, బహుమతి పెట్టలేదు. కొన్ని నెలల్లో సగటు 90 శాతం దాటింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. ఆ డ్రైవర్లకు లారీ నింపడం ముందే వచ్చు. రాని పనికి అంకె పెడితే చెడుతుంది. 1989లో రూత్ కాన్ఫర్, ఫిలిప్ అకర్మన్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌ను పోలిన ఒక కష్టమైన పని మీద పరిశోధన చేశారు. నేర్చుకునే తొలి దశలోనే స్కోరు లక్ష్యం ఇస్తే జనం వెనకబడ్డారు, ఎందుకంటే పని అర్థం చేసుకోవడానికి పెట్టాల్సిన ధ్యాస స్కోరు మీదికి పోయింది. కాబట్టి కొత్త విద్యలో మొదటి లక్ష్యం "ఇన్ని సాధించాలి" అని ఉండకూడదు, "ఇది చేయడం నేర్చుకోవాలి" అని ఉండాలి. మీరు ఇప్పుడే "ఈ ఏడాది రెండు పుస్తకాల కాంట్రాక్టులు" అని రాసుకుంటే నేను వద్దంటాను. అది మీ చేతిలో లేని ఫలితం, పైగా ఆ స్థాయి పని మీకు ఇంకా రాదు.

మరి మీ లక్ష్యం ఏమిటి? చివరి నుంచి వెనక్కి నడుద్దాం. పదేళ్ల తర్వాత మీకు పని ఇచ్చేది ఎవరు? ప్రచురణ సంస్థలోని ఎడిటర్, ఆర్ట్ డైరెక్టర్. వాళ్లు ఏం చూసి ఇస్తారు? అందమైన ఒక్క బొమ్మ చూసి కాదు. పోర్ట్‌ఫోలియోలో పది, పన్నెండు బొమ్మలు చూస్తారు, అన్నిటికంటే ముఖ్యంగా ఒకే పాత్ర వరుస సన్నివేశాల్లో అదే పాత్రలా కనిపిస్తోందా అని చూస్తారు. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలుంటుంది. పెద్ద షీటు మీద అచ్చువేసి మడిచి కోసే ఫారంలో 8 లేదా 16 పేజీలు వస్తాయి కాబట్టి ఆ లెక్క కుదిరింది. టైటిల్ పేజీ, కాపీరైట్ వివరాలు పోగా కథకు పన్నెండు నుంచి పద్నాలుగు స్ప్రెడ్లు, అంటే ఎదురెదురు పేజీల జతలు మిగులుతాయి. మీ పాత్ర ఒక పాప అనుకుందాం, అన్నిటిలోనూ అదే పాప ఉండాలి. వెనక నుంచి, పై నుంచి, పరుగెడుతూ, ఏడుస్తూ, నిద్రపోతూ, వర్షంలో తడిసి. మూడో స్ప్రెడ్‌లో తల ఒంటికి మూడో వంతు ఉంటే పదో స్ప్రెడ్‌లో కూడా అంతే ఉండాలి. జడ ఎడమ భుజం మీద ఉంటే ఎడమ భుజం మీదే ఉండాలి. రోజుకొక కొత్త బొమ్మ వేసుకుంటూ పోతే ఈ ఒక్క విద్య ఎప్పటికీ రాదు, ఎందుకంటే రోజూ పాత్ర మారిపోతుంది. మీ "రోజూ బొమ్మ" లక్ష్యం అక్కడికి చేర్చదని పైన అన్నది అందుకే.

ఇలా వెనక్కి లెక్కేస్తే, పదేళ్లకు ఈ పనితో బతకాలంటే మూడేళ్ల చివరికి డబ్బు వచ్చే చిన్న పనులు కొన్ని చేతిలో ఉండాలి. పత్రికలో పిల్లల పేజీకి, పాఠాల పుస్తకానికి, ఏదైనా సరే. దానికి ఏడాది చివరికల్లా ఒక పుస్తకం డమ్మీ, అంటే నమూనా ప్రతి, తయారవ్వాలి: 32 పేజీలూ పెన్సిల్‌తో, అందులో మూడు స్ప్రెడ్లు రంగులతో పూర్తిగా. దాన్ని ఆరుగురు ఎడిటర్లకు పంపాలి. పంపడం మీ లక్ష్యం, ఒప్పుకోవడం వాళ్ల ఇష్టం, దాన్ని మీ లక్ష్యంగా రాసుకోవద్దు. ఏడాది డమ్మీ కోసం ముందు పన్నెండు వారాల పని: ఒక పాత్ర, దాని క్యారెక్టర్ షీట్ (ఆ పాత్రను రకరకాల వైపుల నుంచి, రకరకాల హావభావాలతో గీసి పెట్టుకునే కాగితం), ఆ పాత్రతో నాలుగు వరుస సన్నివేశాలు. నాలుగూ పక్కపక్కన పెట్టి, కథ తెలియని ఒక మనిషికి చూపిస్తే "ఇది ఒకే పాప" అని వాళ్లంతట వాళ్లే అనాలి. అంతకంటే మంచి కొలత నాకు తెలియదు. చూపించడం అన్న మీ అడ్డంకి కూడా లక్ష్యం లోపలికే వచ్చేసింది, గమనించారా?

మూడేళ్లకు మించి వివరంగా ప్లాన్ వేయకండి. అప్పటికి మీరూ మారతారు, పరిస్థితులూ మారతాయి. దూరంగా ఉన్నదాన్ని దిశగా ఉంచుకుని, దగ్గరగా ఉన్నదాన్ని కచ్చితంగా రాసుకోవాలి.

ఇక వారం. వచ్చే ఏడు రోజులు ఏమీ మార్చకుండా, ఏ గంటలో ఏం చేశారో రాసుకోండి. నిజంగా రాయండి, తలచుకుంటే లెక్క ఎప్పుడూ తప్పుతుంది. ఆ కాగితం మీద గంటన్నర చొప్పున మూడు చోట్లు వెతకండి. ఖాళీ గంటలు దొరకవు, ఎవరికీ దొరకవు. దొరికేవి ఇంకో పని ఉన్న గంటలే. అందుకే "టైమ్ దొరికితే వేస్తాను" అనుకున్నవాళ్ల నోట్‌బుక్‌లు ఖాళీగా ఉంటాయి. బుధవారం రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర వరకు ఇప్పుడు ఏం జరుగుతోంది? సీరియల్ అయితే మానేయొచ్చు. వంటగది సర్దడం అయితే అది ఆ రోజు ఇంకెవరు చేస్తారో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. మీ కోరిక గురించి వాళ్లకు చెప్పడం ఒక ఎత్తు, "బుధవారం, శుక్రవారం రాత్రి, ఆదివారం పొద్దున నేను బల్ల దగ్గర ఉంటాను, ఆ సమయంలో ఇది మీరు చూసుకోవాలి" అని అడగడం ఇంకో ఎత్తు. ఆడవాళ్లు చాలామంది మొదటిది చేసి రెండోది చేయరు. తమ నిద్రలోంచి ఆ గంటలు తీసుకుంటారు, రెండు నెలల్లో అలసిపోయి పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. దయచేసి నిద్రలోంచి తీసుకోకండి. మీ ఐదింటి లక్ష్యం కొట్టేయమన్నది కూడా దీనికే.

ఎంత టైమ్ పడుతుందో లెక్కేసేటప్పుడు మీ అంచనాను నమ్మకండి. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటు జవాబు సుమారు 34 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు అంటే సుమారు 49 అన్నారు. నిజంగా పట్టింది 55కు పైనే. అన్నిటికంటే చెడ్డ అంచనా కూడా తక్కువే అయింది. కాబట్టి ఒక సన్నివేశం రంగులతో సహా నాలుగు గంటల్లో అవుతుందని మీకనిపిస్తే, ఇదివరకు వేసిన అలాంటి బొమ్మకు నిజంగా ఎన్ని గంటలు పట్టిందో గుర్తుచేసుకుని ఆ అంకె రాయండి. గుర్తులేకపోతే అనుకున్నదానికి రెట్టింపు.

గంట దొరికినా ఆ గంటలో కూర్చోవడం ఇంకో సమస్య. దీనికి నాకు తెలిసిన వాటిలో బాగా పనిచేసేది పీటర్ గోల్విట్జర్ పరిశోధించిన "ఇలా అయితే అలా చేస్తాను" పద్ధతి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ఒకే వాక్యంలో ముందే నిర్ణయించుకోవడం. 2002లో బ్రిటన్‌లో విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనంలో, వ్యాయామం ఎందుకు మంచిదో చదివించి ఉత్సాహపరిచిన గుంపులో ఆ వారం వ్యాయామం చేసినవాళ్లు 40 శాతం కూడా లేరు. అదే సమాచారంతోపాటు ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ చేస్తామో రాసిన గుంపులో 91 శాతం మంది చేశారు. 2006లో గోల్విట్జర్, పాస్కల్ షీరన్ ఇలాంటి 94 పరీక్షల్ని కలిపి చూసినా ప్రభావం గట్టిగానే కనిపించింది.

మీకు నేను రాసే వాక్యాలు ఇలా ఉంటాయి. "బుధవారం రాత్రి తొమ్మిదికి భోజనాల బల్ల ఖాళీ కాగానే, ఫోన్ పక్క గదిలో పెట్టి, క్యారెక్టర్ షీట్ తీసి కూర్చుంటాను." "ఆఫీసు నుంచి ఎనిమిదిన్నర దాటి వస్తే, పది నిమిషాలు థంబ్‌నెయిల్స్ మాత్రం గీసి లేస్తాను." "ఇది చెత్తగా ఉంది, మళ్లీ మొదలుపెడదాం అనిపిస్తే, చెరపకుండా తేదీ వేసి పక్కన పెట్టి తర్వాతిది గీస్తాను." మూడో వాక్యం అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే అది మీ లోపలి అడ్డంకి కోసం రాసింది. థంబ్‌నెయిల్స్ అంటే తెలిసే ఉంటుంది, అగ్గిపెట్టె అంత గడుల్లో పేజీ కూర్పు గీసి చూసుకోవడం. అలసిపోయిన రాత్రి కూడా చేయగలిగే పని అది. అలాంటి చిన్న రూపం ఒకటి ప్రతి లక్ష్యానికీ ముందే తయారుగా ఉంచుకోవాలి.

ఎన్నాళ్లకు అలవాటవుతుందని తప్పక అడుగుతారు. ఇరవై ఒక్క రోజులు అన్న మాటను పట్టించుకోకండి. 2010లో ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందిని గమనిస్తే, ఒక పని ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని అంచనా వేశారు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. ఒక్క రోజు తప్పితే పెద్ద నష్టమేమీ జరగలేదు. మార్చిలో మీ జాబితా పోవడానికి కారణం, నా ఊహ, ఒక వారం తప్పడం కాదు. తప్పిన వారాన్ని "ఇక అయిపోయింది" అని చదువుకోవడం.

ఆదివారం బొమ్మల గంటన్నర అయ్యాక పావుగంట సమీక్షకు పెట్టుకోండి. ఈ వారం ఎన్ని సార్లు కూర్చున్నాను, ఏం తయారైంది, ఏం అడ్డం వచ్చింది, వచ్చే వారం ఏ వాక్యం మార్చాలి. నాలుగే ప్రశ్నలు, నాలుగు లైన్ల జవాబులు. 2016లో బెంజమిన్ హార్కిన్ బృందం 138 పరిశోధనల్ని కలిపి చూసింది. పురోగతిని గమనించుకోవడం లక్ష్యం చేరడానికి సాయపడుతుందని, దాన్ని రాసిపెట్టినా, ఇంకొకరికి తెలియజేసినా ప్రభావం పెరుగుతుందని తేలింది.

ఇంకొకరు అన్నాను కాబట్టి, ఎవరికి చెప్పాలన్నది కూడా ఆలోచించండి. "నేను ఇలస్ట్రేటర్ అవుతున్నాను" అని అందరికీ ప్రకటించకండి. గోల్విట్జర్ బృందమే 2009లో చూపించింది, ఫలానా వ్యక్తిని కావాలన్న ఉద్దేశాన్ని ఇతరులు గుర్తించగానే మనసు కొంత తృప్తిపడిపోతుంది, పని తగ్గుతుంది. మెచ్చుకునేవాళ్లకు కాకుండా, "ఈ వారం షీట్ ఏది, చూపించు" అని అడిగే ఒక్క మనిషికి చెప్పండి. బొమ్మలు తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది. మొదటి నెల పెన్సిల్ గీతలే చూపించండి, పూర్తయిన బొమ్మ కోసం ఆగొద్దు.

డబ్బు గురించి కొద్దిగా. ఉద్యోగం ఇప్పుడే మానేసే ఆలోచన ఉంటే పక్కన పెట్టండి. బొమ్మల సంపాదన ఒక ఏడాది వరసగా మీ నెల ఖర్చులో సగం దాటాక, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నాక ఆ మాట ఎత్తండి. ఇవి నేను నా దగ్గరకు వచ్చేవాళ్లకు చెప్పే హద్దులు, మీ ఇంటి బాధ్యతల్ని బట్టి పెంచుకోండి. ఖర్చు లెక్కలు మీకు నాకంటే బాగా వచ్చు.

ఎప్పుడు వదిలేయాలో కూడా ఈరోజే రాసుకోండి, మనసు బాగున్న రోజు. చేరలేని లక్ష్యాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకోగలిగినవాళ్లు మానసికంగా మెరుగ్గా ఉన్నారని కార్స్టెన్ రాష్ 2003 నుంచి చేస్తున్న పరిశోధనలు చెప్తున్నాయి. షరతు ముందే ఉంటే వదలడం ఓటమిలా అనిపించదు, ఒక చెడ్డ రాత్రి అలసటతో వదిలేయడమూ జరగదు. మీ విషయంలో నేను పెట్టే షరతు: పన్నెండు వారాలు, వారానికి కనీసం రెండుసార్లు కూర్చున్నాక కూడా అదే పాపను మళ్లీ గీయడం విసుగ్గానే ఉంటే, మంగళవారం కాగితం మళ్లీ తీయాలి. పుస్తకాల బొమ్మలు కాకుండా బొమ్మల్లోనే ఇంకో దారి ఉండొచ్చు. కూర్చోనే కూర్చోకపోతే మాత్రం కోరిక గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి, ముందు వారాన్ని సరిచేయండి.

ఈ వారం చేయాల్సింది ఇంతే. గంటల లెక్క రాయడం, మంగళవారం రాయడం, జాబితాలో కొట్టేయాల్సినవి కొట్టేయడం, షీట్ అడిగే మనిషిని ఎంచుకోవడం. బొమ్మ వచ్చే వారం బుధవారం మొదలుపెట్టండి. నాలుగు సన్నివేశాలు పూర్తయ్యాక, చూసిన మనిషి ఏ బొమ్మ దగ్గర పాపను గుర్తుపట్టలేకపోయారో రాసి పంపండి. రెండో పన్నెండు వారాల లక్ష్యం ఆ బొమ్మను బట్టి నిర్ణయిద్దాం.